రాత్రిపూట కుక్క ఎందుకు మొరిగింది? – ఒక గుమాస్తా విచారణ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ డిసెంబరు 17న మనం ఇట్లా కలుస్తాం. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పి, పెన్షను సర్కారు దయతో వేసే ముష్టి కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ప్రతిసారీ మనం డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు ఫోను చేసి, "అన్నా, ఎప్పుడూ ఆ పాటేనా, మీ నోట వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. "కుక్కల గురించి చెప్తా" అన్నాను. అవతల కాసేపు సడి లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత "సరే అన్నా, మీ ఇష్టం" అన్నారు. కాబట్టి ఈ పూట మీకు విసుగు పుడితే తప్పు నాది, అవకాశమిచ్చిన తప్పు ఆయనది.

నేను పశువుల డాక్టరును కాదు. 1972లో చిత్తూరులో ఎల్.డి.సి.గా చేరి, జిల్లాలో నాలుగైదు తాలూకాలు తిరిగి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. ముప్పై ఆరేళ్ళు ఒకరు చెప్పింది ఇంకొకరికి రాసి పంపడమే నా పని. కుక్కల సంగతి కూడా అట్లాగే, ఒక అర్జీతో మొదలైంది.

తిరుపతిలో కపిలతీర్థం దాటినాక కొండ వైపు ఉన్న కాలనీల్లో ఒకదాంట్లో మా ఇల్లు. మా వీధికి నాలుగు కుక్కలు. వాటిలో పెద్దది నల్లది, పిలకాయలు దాన్ని కర్రోడు అంటారు. 2021 చివరలో వీటి గోల మితిమీరింది. అర్ధరాత్రి ఉన్నట్టుండి ఒకటి భౌమంటుంది, తక్కిన మూడూ అందుకుంటాయి, పక్క వీధివాళ్ళు జవాబు చెప్తారు. మన వయసులో నిద్ర పట్టడమే కష్టం, పోయిన నిద్ర మళ్ళీ రాదు. అదీగాక కర్రోడు అప్పుడప్పుడూ మోర పైకెత్తి ఏడ్చేవాడు. మా ఇంటావిడకు అది వింటే గుండెలో రాయి పడ్డట్టే. "ఏమండీ, కుక్క ఏడస్తా ఉండాది, ఎవరికి మూడిందో" అని లేచి కూర్చునేది. అప్పుడు మా తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు, కాబట్టి ఆమె భయాన్ని నేను నవ్వి కొట్టేయలేకపోయాను.

వీధివాళ్ళంతా కలిసి నా దగ్గరకొచ్చారు. అర్జీ రాయడంలో చెయ్యి తిరిగినవాణ్ణి కదా! "విషయం: వీధికుక్కల బెడద – నివారణ కోరుట గురించి" అని మొదలుపెట్టి రెండు పేజీలు దంచాను. కుక్కలన్నిటినీ పట్టుకుపోయి అడవిలో వదిలేయాలని కోరాను. ఇరవై మూడు సంతకాలు పడ్డాయి. ఇరవై నాలుగోది పడలేదు.

అది మా ఎదురింటి హెడ్మాస్టరు గారిది. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. భార్య పోయింది, కొడుకు అమెరికాలో, ఇంట్లో ఒక్కరే. రాత్రి తాను తిన్నాక మిగిలిన ముద్ద కర్రోడికి పెట్టేవారు. అర్జీ రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి ఇట్లా అన్నారు: "రాసింది బాగుందబ్బా, తప్పుల్లేవు. మొరుగుతా ఉండాయి అని రాసినావు, ఎందుకు మొరుగుతా ఉండాయో రాయలేదే? విచారణ లేకుండా ఆర్డరేస్తే అది నిలుస్తుందా? నువ్వే కదా ఆఫీసులో ఉన్నప్పుడు ఆ మాట అనేవాడివి."

నాకు కాస్త కోపం వచ్చింది. కుక్కకు కూడు పెట్టేవారు కుక్క పక్షమే మాట్లాడతారని మనసులో అనుకుని, ఇరవై మూడు సంతకాలతోనే అర్జీ ఇచ్చేశాను.

2022 జనవరిలో, సంక్రాంతి దాటిన వారానికి, ఒక రాత్రి రెండు గంటలప్పుడు కర్రోడు మొరిగాడు. రోజూ మొరిగే తీరు కాదు. గొంతు సన్నగా, ఒక్కొక్క మొరుగుకూ మధ్య ఎడం ఇచ్చి, ఎదురింటి గేటు దగ్గర కాసేపు, మా గేటు దగ్గర కాసేపు. తీరు వేరుగా ఉందని నా చెవికి తెలిసింది. తెలిసే నేను లేచి కిటికీ మూసి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను. ఇరవై నిముషాలో, అరగంటో మొరిగి ఆగిపోయాడు.

తెల్లవారి పాలు పోసే అబ్బాయి కేకపెడితే వెళ్ళాం. హెడ్మాస్టరు గారు వెనక వసారాలో, బాత్రూము గడప దగ్గర పడి ఉన్నారు. తొంటి ఎముక విరిగింది. రెండు గంటలకు కాస్త ముందు పడ్డారట. పొద్దున ఆరు దాకా, జనవరి చలిలో, తడి నేలమీద నాలుగు గంటలు. పిలిచారట, గొంతు గోడ దాటలేదు.

ఆసుపత్రిలో నేను తల ఎత్తలేక నిలబడితే, ఆ మహానుభావుడు నన్ను ఒక్క మాట అనలేదు. "ఏం నాయనా, ఇప్పుడన్నా విచారణ మొదలుపెడతావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ముల్లులా ఉంది.

మరునాడే ఒక పాత పద్దుల పుస్తకం తీసి గళ్ళు గీశాను. తేదీ, సమయం, మొరిగిన తీరు, కారణం, రిమార్కులు. నలభై రాత్రులు రాశాను. కుక్క మొరిగితే టార్చి తీసుకుని మేడమీదికి పోయి చూసేవాణ్ణి. మా ఇంటావిడ "మీకు పిచ్చి పట్టింది" అంది గాని, నాలుగో రాత్రి నుంచి ఫ్లాస్కులో కాఫీ పోసి పెట్టింది. ప్రతి ఆదివారం హెడ్మాస్టరు గారి మంచం దగ్గర కూర్చుని ఆ వారం పద్దులు చదివేవాణ్ణి. ఆయన సైన్సు చెప్పేవారు, నాకు తెలియని చోట పుస్తకాలు చెప్పేవారు. నేను విన్నదీ, చదివిందీ, చూసిందీ కలిపి ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మొదటి విషయం. మనం నిద్రపోయినట్టు కుక్క నిద్రపోదు. మనం ఒకసారి పడుకుంటే, వయసు సహకరిస్తే, నాలుగైదు గంటలు ఏకబిగిన పోతాం. 1993లో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కల రాత్రి నిద్రను గమనించి ప్రకటించారు. సగటున పదహారు నిముషాలు నిద్ర, అయిదు నిముషాలు మెలకువ, మళ్ళీ నిద్ర. ఎనిమిది గంటల రాత్రిలో ఇట్లా ఇరవైకి పైగా విడతలు. అంటే రాత్రంతా మన వీధిలో ఎప్పుడు చూసినా ఏదో ఒక కుక్క మేలుకునే ఉంటుంది. మన చౌకీదారు కూడా అంత నిజాయితీగా డ్యూటీ చేయడు.

రెండోది చెవి. మనిషికి మంచి వయసులో సెకనుకు ఇరవై వేల కంపనాల దాకా వినబడుతుంది. మన వయసుకు అందులో పై భాగం చాలా వరకు రాలిపోతుంది. కుక్కకు దాదాపు నలభై అయిదు వేల దాకా వినబడుతుంది. ఎలుకలు భయపడితే ఇరవై రెండు వేల దగ్గర కూత పెడతాయి. మనకది నిశ్శబ్దం, కుక్కకది కేక. కాబట్టి "ఏమీ లేకుండానే మొరిగింది" అని మనం అన్నప్పుడు, మన చెవికి ఏమీ లేదని మాత్రమే దాని అర్థం. నా పుస్తకంలో కారణం తెలియని పద్దులు మొదటివారం చాలా ఉండేవి. మూడోవారానికి వచ్చేసరికి, మురుగుకాలవ మూతకింద పందికొక్కుల కాపురం ఉందని కనిపెట్టాక, సగం పద్దులకు కారణం దొరికింది. ముక్కు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. చీకట్లో కంటి సంగతి కూడా అంతే. కుక్క కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటుంది. టార్చి వేస్తే మెరిసేది అదే. కొద్దిపాటి వెలుగును రెండోసారి వాడుకోవడానికి అది పనికొస్తుంది.

మూడోది గాలి. పగలు వినబడనిది రాత్రి ఎందుకు వినబడుతుంది? పగటి గోల లేకపోవడం ఒక కారణం. రెండో కారణం హెడ్మాస్టరు గారు పాఠంలా చెప్పారు. పొద్దు గూకినాక నేల త్వరగా చల్లారుతుంది, నేలకు ఆనుకున్న గాలి చల్లబడుతుంది, పైగాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం ఆకాశంలోకి పోకుండా కిందికి వంగి నేలవెంట చాలా దూరం పోతుంది. అందుకే రేణిగుంట వైపు రైలు కూత పగలు వినబడదు గాని రాత్రి మన గుమ్మంలో కూసినట్టుంటుంది. ఎక్కడో మూడో వీధి కుక్క మొరిగితే మా కర్రోడికి పక్కనే మొరిగినట్టు. జవాబు చెప్పకపోతే వాడి సరిహద్దు పోతుంది. ఒకటి మొదలుపెడితే అన్నీ అందుకోవడం అందుకే. గట్టు తగాదాలు మనకే కాదు, వాటికీ ఉన్నాయి.

ఇక చిత్తకార్తె సంగతి పెద్దలందరికీ తెలుసు. వానాకాలం చివర, ఆశ్వయుజ కార్తీకాల్లో అవి జతకట్టే రోజులు. అప్పటి గొడవకు ఏ అర్జీ పనిచేయదు. ఆపరేషన్ ఒక్కటే మందు. ఆ సంగతి చివర చెప్తాను.

నాలుగోది మనకు కొంచెం నవ్వొచ్చేది. కొన్నిసార్లు కర్రోడు పడుకునే, కళ్ళు మూసుకునే, చిన్నగా కుయ్యిమనేవాడు, "బుఫ్" అని నోట్లోనే మొరిగేవాడు, కాళ్ళు పరుగెత్తినట్టు ఆడించేవాడు. అది కల. నిద్రలో కనుగుడ్లు చకచకా కదిలే ఒక దశ ఉందని 1953లో అమెరికాలో మనుషుల్లో కనిపెట్టారు. కుక్కలకూ ఆ దశ ఉంది. ఆ దశలో ఒళ్ళు కదలకుండా మెదడు తాళం వేసి ఉంచుతుంది. ఆ తాళం కాస్త వదులైతే ఇట్లా కుయ్యిమంటాయి. అప్పుడు ముట్టుకుని లేపకూడదు, ఉలిక్కిపడి కరుస్తుంది. మా ఇంటావిడ అంది: "మీరూ అంతే, నిద్రలో 'ఫైలు ఎక్కడ పెట్టినారు' అని అరస్తారు." రిటైరై పదిహేడేళ్ళయినా ఆ ఫైలు నాకింకా దొరకలేదు.

అయిదోది నవ్వే విషయం కాదు. మన తిరుపతి కొండకింద ఊరు. శేషాచలం అడవులను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఆ అడవిలో చిరుతలున్నాయి. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. మహారాష్ట్రలో అకోలే తాలూకాలో పరిశోధకులు చూస్తే, పొలాల మధ్య తిరిగే చిరుతలు తిన్నదాంట్లో తూకం ప్రకారం దాదాపు 39 శాతం ఊరకుక్కలే. మా వీధి కుక్కలు ఒక రాత్రి కొండవైపు తిరిగి నాలుగూ ఒక్క గొంతుతో మొరిగి, ఒక్కసారి నోరు మూసుకుని కార్ల కింద దూరాయి. మరునాడు పాలబ్బాయి అడుగుజాడలు చూశానన్నాడు. నేను చూడలేదు గనక రిమార్కుల గడిలో "వినికిడి" అని రాశాను. మరుసటి ఏడాది, 2023 ఆగస్టులో, అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత ఎత్తుకుపోయి చంపిందని విన్నప్పుడు, నాకు ఆ రాత్రి మొరుగుడు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. అంతకు రెండు నెలల ముందే ఒక పిల్లవాడిమీద పడితే వాడు అదృష్టం కొద్దీ బతికాడు. కొండవైపు కాలనీల్లో ఉన్నవాళ్ళు, తెల్లవారుజామున వాకింగుకు పోయేవాళ్ళు, కుక్కలన్నీ ఒకే దిక్కుకు తిరిగి మొరిగితే ఆ దిక్కుకు పోకండి. మనవళ్ళను అసలు పంపకండి. ఇంకో మాట. వీధిలో చెత్త పోస్తే కుక్కలు చేరతాయి, కుక్కలు చేరితే చిరుత వస్తుంది. ఆ గొలుసుకు మొదటి కొక్కెం మన చెత్తబుట్టలోనే ఉంది.

పలమనేరు, కుప్పం వైపు నుంచి వచ్చిన మిత్రులకు ఏనుగుల సంగతి నేను చెప్పక్కర్లేదు. 1980లలో పక్క రాష్ట్రాల నుంచి ఏనుగులు మన జిల్లాలోకి వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. నేను అక్కడ పనిచేసేటప్పుడు రైతులు చెప్పేవారు, కుక్క మొరుగుడును బట్టి మంచెమీద నుంచే దొంగ వచ్చిందా, పంది వచ్చిందా, ఏనుగు వచ్చిందా చెప్పవచ్చునని. అప్పుడు నేను నమ్మలేదు. హంగరీ దేశంలో బుడాపెస్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు కుక్కల మొరుగుళ్ళు రికార్డు చేసి జనానికి వినిపించారు. కొత్త మనిషిని చూసినప్పటిదా, ఒంటరిగా కట్టేసినప్పటిదా, ఆటలోదా అని అడిగితే, మామూలు జనం కూడా ఊహించిన దానికన్నా బాగా గుర్తుపట్టారు. బొంగురుగా, గబగబా మొరిగితే కోపం. సన్నగా, ఎడం ఎడంగా మొరిగితే దిగులు, భయం. ఆ మాట చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. సన్నగా, ఎడం ఎడంగా. నేను కిటికీ మూసింది దానిమీదే.

ఇప్పుడు ఏడుపు సంగతి. మా ఇంటావిడ భయం ఒక్క మా ఇంటిది కాదు, ఈ సభలో సగం ఇళ్ళదీ అదే. యముడికి శబలుడు, శ్యాముడు అని రెండు కుక్కలున్నాయని వేదకాలం నుంచీ చెప్పుకుంటున్నాం. దేవతల కుక్క సరమ వాటి తల్లి. కాబట్టి కుక్క ఏడిస్తే యముడొచ్చాడన్న మాట ఈనాటిది కాదు. కాని అదే మన పెద్దలు ధర్మరాజును స్వర్గం వాకిట దాకా సాగనంపింది కుక్కే అన్నారు, కాలభైరవుడికి వాహనం కుక్కే అన్నారు. ఆ సగం మనకు రాత్రి రెండు గంటలకు గుర్తురాదు.

కుక్కలు తోడేళ్ళ సంతతి. తోడేలు మోర ఎత్తి ఊళ పెట్టేది దూరంగా ఉన్న తనవాళ్ళకు "నేనిక్కడ ఉన్నా" అని చెప్పడానికి. సాగదీసిన శబ్దం ఏది విన్నా కుక్క దాన్ని ఊళ అనుకుని జవాబిస్తుంది. శంఖం, సైరను, అంబులెన్సు. నా పుస్తకంలో ఏడుపు పద్దులు తొమ్మిది. అందులో ఆరుసార్లు, నేను మేడమీద నిలబడి ఉండగా, ముందు అంబులెన్సు కూత వినబడింది, తర్వాత కర్రోడి ఏడుపు. మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. అంబులెన్సు ఎవరికోసం పోతుంది? ప్రాణం మీదికొచ్చినవారి కోసం. కుక్క ఏడ్చింది, తెల్లవారి ఎవరో పోయారు. రెండూ నిజమే. కాని కుక్క చావును పిలవలేదు, బండి కూతకు బదులు పలికింది. మరి అంబులెన్సులు లేని పాతకాలంలో? చావు దగ్గరపడ్డ ఇంట్లో అర్ధరాత్రి దీపాలు వెలుగుతుంటాయి, తలుపులు తెరిచి ఉంటాయి, కొత్త మనుషులు బండ్లు కట్టుకుని వస్తుంటారు, ఆడవాళ్ళు అణుచుకుని ఏడుస్తుంటారు. వీధికుక్క గమ్మున ఎట్లా ఉంటుంది? ఏడుపు తర్వాత చావు వస్తే జన్మంతా చెప్పుకుంటాం. ఏడ్చినా ఏమీ జరగని వంద రాత్రులు తెల్లవారగానే మరచిపోతాం. నేను రాసిపెట్టాను గనక మరచిపోలేదు. ఆ తొమ్మిది ఏడుపుల రాత్రుల్లో మా వీధిలో ఎవరికీ ఏమీ కాలేదు. మా తమ్ముడు ఇల్లు చేరాడు, ఇప్పుడు ముందు వరసలోనే కూర్చున్నాడు. మా ఇంటావిడకు ఆ పద్దులు చదివి వినిపించాను. "సరేలెండి" అంది. అప్పటినుంచి లేచి కూర్చోదు.

ఆఖరి కారణం వయసు. ముసలి కుక్కకు మెదడులో మార్పులొస్తాయి. మన మతిమరుపు జబ్బులో మెదడులో పేరుకునే పదార్థమే దాని మెదడులోనూ పేరుకుంటుంది. పగలు నిద్ర, రాత్రి తిరుగుడు, గోడను చూసి మొరగడం, తెలిసిన మనిషిని గుర్తుపట్టకపోవడం. కీళ్ళనొప్పి, చూపు తగ్గడం, చెవుడు కూడా తోడైతే చీకట్లో భయం. పెంపుడు కుక్క ఉన్నవాళ్ళు దీన్ని పొగరనుకుని కొట్టకండి, పశువుల డాక్టరుకు చూపించండి. వీధికుక్క గొంతు ఉన్నట్టుండి మారి బొంగురుపోయి, చొంగ కారుతూ, తూలుతూ తిరిగితే దగ్గరికి పోకండి, అది పిచ్చికుక్క లక్షణం. కరిస్తే, గీరినా సరే, పారే నీళ్ళకింద సబ్బుతో పదిహేను నిముషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోండి. మన చిన్ననాట బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడేవాళ్ళం. ఆ పాత మందు మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పటి సూదులు చేతికే, తక్కువే. పసుపు, కారం, ఆకుపసరు వద్దు.

నలభై రాత్రుల పద్దు ముగిసేసరికి నాకు కారణం తెలియనివి పదకొండు మిగిలాయి. వాటికి ఎదురుగా "తెలియదు" అనే రాశాను. తెలియనిదాన్ని తెలియదని రాయడం సర్వీసులో నాకు ఎవరూ నేర్పలేదు. హెడ్మాస్టరు గారు నేర్పారు.

మొత్తం నివేదిక శుభ్రంగా తిరగరాసి ఇవ్వాలనుకున్నాను. మార్చి నెలాఖరుకు ఆయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మంచాన పడ్డ వృద్ధులకు అది తరచు వచ్చేదే అని డాక్టరు చెప్పారు. కొడుకు వచ్చేసరికి అయిపోయింది. ఆ రాత్రి కర్రోడు ఏడవలేదు, మొరగలేదు. పద్దు చూసి చెప్తున్నాను.

నేను కథలు కట్టడం లేదు. కర్రోడు ఆయనకోసం సాయం అడగడానికే మా గేటుకు వచ్చాడని రుజువు చేయలేను. ఆయన మూలుగు విని బెదిరి మొరిగాడేమో. రోజూ ముద్ద పెట్టే చెయ్యి కనబడక తిరిగాడేమో. ఏదైనా కావచ్చు. కాని తీరు వేరుగా ఉందని నా చెవికి తెలిసింది, నేను లేవలేదు. లేచి ఉంటే నాలుగు గంటల చలి ఆయనకు తప్పేది. ఎముక విరగడం ఎట్లాగూ తప్పేది కాదు, ప్రాణం నిలిచేదో లేదో నాకు తెలియదు. ఇది పన్నెండో "తెలియదు".

తమిళనాడులో తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ కాలంనాటి, అంటే 7వ శతాబ్దపు వీరగల్లు ఒకటి ఉంది. పశువుల దొంగలతో పోరాడి చనిపోయిన వీరుడితో పాటు అతని కుక్కనూ చెక్కారు. కోవివన్ అనే ఆ కుక్క ఇద్దరు దొంగలను కరిచి నిలబడిందని శాసనంలో పేరుతో సహా రాశారు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి గుమాస్తా ఎవరో కుక్క పేరు రికార్డులో ఎక్కించాడు. నేను మాత్రం నా అర్జీలో "సదరు కుక్కలు" అని రాశాను.

ఆ అర్జీ నేను వెనక్కి తీసుకుని ఇంకొకటి రాశాను. కుక్కలను పట్టి అడవిలోనో, పక్క ఊళ్ళోనో వదలడం చట్టం ఒప్పదు. 2001 నుంచీ నిబంధనలున్నాయి, 2023లో కొత్తవి వచ్చాయి. పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పిచ్చికుక్క జబ్బుకు టీకా వేసి, తీసుకున్నచోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల విషయంలో మాత్రం 2025 నవంబరులో సుప్రీంకోర్టు వేరుగా ఉత్తర్వులిచ్చింది, అక్కడి కుక్కలను షెల్టర్లకు తరలించమంది. నా రెండో అర్జీలో మా నాలుగింటికీ ఆపరేషన్, టీకా కోరాను. రెండేళ్ళు తిరిగాను. తిరగడం మనకు కొత్తా? ఇప్పుడు నాలుగింటికీ చెవి కొస కత్తిరించి ఉంది, అదే గుర్తు. గోల సగానికి సగం తగ్గింది.

ముగించే ముందు మీకు మూడు మనవులు.

ఒకటి. ఒంటరిగా ఉన్న పెన్షనర్లు రాత్రి బాత్రూములో లైటు ఉంచండి, తలుపుకు లోపల గడియ పెట్టకండి, నేల తడి లేకుండా చూసుకోండి, మెడలో ఒక విజిలు వేసుకోండి. అయిదు రూపాయల విజిలు గోడ దాటుతుంది, మన గొంతు దాటదు.

రెండు. మన సంఘంలో ఇద్దరిద్దరు జతగా ఏర్పడి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేచాక ఒకసారి ఫోను చేసుకుందాం. "లేచినావా?" "లేచినా." అంతే. ఈ ఏర్పాటు మా కాలనీలో ఇప్పటికి పద్దెనిమిది మందిమి చేసుకున్నాం. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు సభ ముగిశాక నా దగ్గరున్న పుస్తకంలో రాయండి. ఇదీ గళ్ళు గీసిన పుస్తకమే.

మూడు. మీ వీధి కుక్క రోజూ మొరిగే తీరు తెలుసుకోండి. రోజూ మొరిగేదానికి లేవనక్కర్లేదు. తీరు మారిన రోజు మాత్రం కిటికీ మూయకండి, తెరవండి.

కర్రోడు ఇప్పుడు ముసలివాడైపోయాడు. హెడ్మాస్టరు గారి ముద్ద ఇప్పుడు మా ఇంటి నుంచి పోతోంది. ఈమధ్య అర్ధరాత్రి లేచి, తాళం వేసిన ఆ ఎదురింటి గేటును చూసి రెండుసార్లు మొరుగుతాడు. అక్కడ ఎవరూ లేరు. పందికొక్కు లేదు, అంబులెన్సు లేదు. నేను చెవుల్లో దూది పెట్టుకోను. లేచి లైటు వేసి, గేటు దగ్గర నిలబడి, "ఏమీ లేదురా, గమ్మున పడుకో" అంటాను. పడుకుంటాడు. నేను లోపలికొచ్చి పుస్తకం తీసి, సమయం వేసి, కారణం గడిలో ఏం రాయాలో తోచక, ఖాళీగా ఉంచి పడుకుంటాను.